నింపాదిగా ఆర్పవలెను

కంచరవలస అగ్నిమాపక కేంద్రంలో గంట మోగితే అందరికంటే ముందు పరిగెత్తేది డ్రైవరు బోని తవిటినాయుడి గుండె. దాని వెనకాల తవిటినాయుడు పరిగెత్తేవాడు. ఇద్దరూ ఫైరింజన్ ఎక్కి కూర్చునేసరికి మిగతా సిబ్బంది ఇంకా బూట్లు వెతుక్కుంటూ ఉండేవారు. ఎన్నో ఏళ్లుగా ఆ బండి నడుపుతున్నా అతనికి ఆ గంట అలవాటు కాలేదు. ఎక్కడో ఎవరిదో కొంప అంటుకుందన్న మాట చెవిన పడితే చాలు, గుండెల్లో రైళ్లు పరిగెత్తేవి.

ఇదొక జబ్బని పాపం అతనికి తెలియదు. తెలియజెప్పడానికే కాబోలు ప్రభుత్వం మార్తాండరావు గారిని ఆ జిల్లాకు అగ్నిమాపక అధికారిగా వేసింది.

మార్తాండరావు గారు మంటను దగ్గరనుంచి చూసి ఎరగరు. మంటల మీద జరిగిన సదస్సులు మాత్రం ఒక్కటీ వదలలేదు. ఆ ఎండాకాలం మొదట్లో ఆయన ఏదో కొండ మీది చల్లని ఊళ్లో 'ఊపిరి, ఉద్యోగి, ఉత్పాదకత' అనే శిబిరానికి వెళ్లి, శాలువా కప్పించుకుని, మరో మనిషై దిగి వచ్చారు. అక్కడ ఆయనకు చెప్పినవి అబద్ధాలేమీ కావు. ఊపిరి పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగానూ, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగానూ కొట్టుకుంటుంది. రోజూ కాసేపు నింపాదిగా, దీర్ఘంగా ఊపిరి తీసి వదిలేవారికి రక్తపోటు కొంత దిగుతుంది. పొద్దున్నే చాప వేసుకుని చేసుకుంటే ఎవరికైనా మేలే. కాని మంచి మాట మంచి మాటగా మిగిలిపోతే ప్రభుత్వానికి దానితో పనేముంది? దాన్ని పట్టుకొచ్చి సర్క్యులరు చేస్తే గాని ఆయనకు అన్నం సయించలేదు.

సర్క్యులరు ఇలా ఉంది: 'అగ్నిమాపక సిబ్బందియందు విధి నిర్వహణ సమయమున హృదయ స్పందన విపరీతముగా పెరుగుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. ఉద్విగ్న హృదయముతో అగ్నిని ఆర్పుట శాస్త్రీయము కాదు. కావున ఇకమీదట రక్తపోటు నూట ముప్పైకి లోబడిన సిబ్బంది మాత్రమే వాహనము నధిరోహించవలెను. తదితరులు దీర్ఘశ్వాస నాచరించి పునఃపరీక్షకు హాజరు కావలెను. మంటలను నింపాదిగా ఆర్పవలెను.'

సర్క్యులరు వెంట ఒక బి.పి. మిషనూ, అరడజను చాపలూ వచ్చాయి. చిల్లులు పడిన హోసు పైపు మార్చమని స్టేషను వాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు. దానికి నిధుల్లేవు. చాపలకున్నాయి.

బి.పి. చూడటం నేర్పడానికి ప్రభుత్వాసుపత్రి నుంచి డాక్టర్ సుభాషిణి గారు వచ్చింది. ఆవిడ సర్క్యులరు రెండుసార్లు చదివి, పరిగెత్తే మనిషి గుండె వేగంగానే కొట్టుకోవాలనీ, లేకపోతే కాళ్లకీ చేతులకీ రక్తం అందదనీ, ఈ నెమ్మది ఊపిరి డ్యూటీ దిగాక ఇళ్ల దగ్గర చేసుకోమంటే మంచిదనీ మెల్లగా చెప్పబోయింది. మార్తాండరావు గారు చిరునవ్వు నవ్వారు.

"మీరు వైద్యపరమైన గుండె గురించి మాట్లాడుతున్నారు డాక్టరు గారూ. నేను పరిపాలనాపరమైన గుండె గురించి మాట్లాడుతున్నాను."

ఆవిడ పట్టీ ఎలా చుట్టాలో చూపించి, తన దారిన తాను వెళ్లిపోయింది.

ఆ వారంలోనే ఊరి చివర ఒక రైతు గడ్డివామి అంటుకుంది. గంట మోగింది. సిబ్బంది అలవాటు కొద్దీ బండి వైపు పరిగెత్తి, సర్క్యులరు గుర్తొచ్చి వెనక్కి పరిగెత్తి, వరసగా కుర్చీలో కూర్చుని చేతులు చాచారు. అంత పరుగు తరువాత ఎవరి రక్తపోటు మాత్రం నూట ముప్పై దగ్గర ఆగుతుంది? అందరూ చాపల మీదికి చేరారు. నాలుగు అంకెలు లెక్కపెట్టేదాకా పీల్చడం, ఆరు అంకెలు లెక్కపెట్టేదాకా వదలడం మొదలుపెట్టారు. గడ్డి కాలుతున్న రైతు వాళ్ల ఎదురుగా నిలబడి, ఒక్కొక్కరి తాతముత్తాతల్ని పేరుపేరునా తలుచుకుంటున్నాడు. రెండో పరీక్షలో అందరికీ మొదటిదానికంటే ఎక్కువొచ్చింది.

ఒక్కడు మాత్రం పరిగెత్తకుండా నడిచొచ్చి, మొదటిసారే నెగ్గాడు. అతను ఫైర్‌మన్ గెంబలి సన్యాసిరావు. పైది నూట పద్దెనిమిది, కిందిది డెబ్బై ఆరు. సన్యాసిరావు చెడ్డవాడేం కాదు. ఎవరిల్లు కాలినా పొరుగూరి సినిమా చూసినట్టు చూస్తాడు, అంతే. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు అన్న సామెత అతను పుట్టక ముందే పుట్టింది గాని, దాన్ని రుజువు చేసే భాగ్యం అతనికే దక్కింది. ఒకసారి కాలుతున్న దూలం దగ్గర చుట్ట ముట్టించుకుని మరీ వచ్చాడు. ఇప్పుడు నిబంధన ప్రకారం బండి ఎక్కడానికి అర్హత ఉన్నది అతనొక్కడికే. అతనికి డ్రైవింగు రాదు, పంపు తిప్పడం రాదు. ఎక్కి, తలుపు వేసుకుని, బుద్ధిగా కూర్చున్నాడు.

కాసేపటికి గడ్డి మొత్తం బూడిదైందని కబురొచ్చింది. ఆ కబురు వినగానే అందరి రక్తపోటూ దానంతటదే దిగింది. అప్పుడు బండి బయల్దేరింది. 'సిబ్బంది యావన్మందీ సంపూర్ణ ప్రశాంతతతో సంఘటనా స్థలమునకు చేరినారు, చేరుసరికి అగ్ని సైతము ప్రశాంతించి యున్నది' అని నివేదిక వెళ్లింది. మార్తాండరావు గారు ఆనందం పట్టలేక దాన్ని రాజధానికి పంపారు.

విజయం రుచి మరిగినవాడు ఊరుకోడు. గంట వింటే గుండె అదురుతోంది కనుక గంట ఊడదీయించి, దాని స్థానంలో తంబుర మోగే ఏర్పాటు చేశారు. మంట అనే మాట వింటే రక్తపోటు పెరుగుతోంది కనుక స్టేషనులో ఆ మాట నిషేధించి, 'ఉష్ణ సందర్భం' అనమన్నారు. సైరను వల్ల దారిన పోయే ప్రజల గుండెలు చెడుతున్నాయని అదీ పీకించారు. ఫోను చేసేవాళ్ల కంగారు తీగల వెంట పాకి సిబ్బందికి అంటుకుంటోంది కాబట్టి, ఫోనెత్తిన ఉద్యోగి ముందుగా అవతలి మనిషి చేత దీర్ఘశ్వాస తీయించి, ఆ తరువాతే అడ్రసు అడగాలన్నారు. బజారులో కిరాణా కొట్టు అంటుకున్న రోజున కొట్టు యజమాని అలాగే ఊపిరి పీల్చి వదిలి, పీల్చి వదిలి, చివరికి ఎంతో నెమ్మదించిన గొంతుతో, ఇక మీరు రానక్కర్లేదు బాబూ అని ఫోను పెట్టేశాడు. అతన్ని సంతృప్తి చెందిన పౌరుల లెక్కలో వేశారు. సగటు రక్తపోటు అతి తక్కువగా ఉన్న కేంద్రంగా కంచరవలసకు ఒక షీల్డు వచ్చింది.

షీల్డు పెట్టిన గోడ వైపు తవిటినాయుడు చూసేవాడు కాదు. అతని భయమంతా మేదరవీధి గురించే. రైలు గేటు అవతల, తాటాకు పాకలు ఒకదాని మీద ఒకటి ఒరిగినట్టుండే వీధి అది. గుమ్మం ముందు చీల్చిన వెదురు బద్దలు, పెరట్లో ఎండేసిన బుట్టలు, తట్టలు, చాటలు. వడగాలి మొదలైందంటే ఆ వీధి మొత్తం నిప్పు కోసం కాచుకుని కూర్చున్నట్టే. ఏ ఏడాదీ ఒక్క ప్రమాదమైనా తప్పదు. ఏ ఏడాదీ రెండు పాకలకు మించి కాలలేదంటే కారణం తవిటినాయుడు గేటు పడేలోపు బండిని అవతలికి దాటించడమే. ఆ వీధి పిల్లల్లో సగం మందిని అతను పేర్లతో పిలుస్తాడు.

అందుకని అతను ఆ ఊపిరి విద్యను మనస్ఫూర్తిగానే సాధన చేశాడు. పొద్దున్నే డాబా ఎక్కి, కళ్లు మూసుకుని, నాలుగు దాకా పీల్చి ఆరు దాకా వదిలేవాడు. ఒళ్లు తేలిక పడిన మాటా నిజమే, నిద్ర బాగా పట్టిన మాటా నిజమే. ఇంటి దగ్గర రక్తపోటు నూట ఇరవై నాలుగుకు వచ్చింది. భార్య పొంగిపోయి, పదేళ్ల కిందటే ఈ సర్క్యులరు వచ్చుంటే బాగుండేదంది. కాని స్టేషనులో తంబుర మోగితే మళ్లీ మామూలే. తంబురైతేనేం, గంటైతేనేం, ఎక్కడో ఎవరో కాలుతున్నారన్న సంగతి అతని గుండెకు తెలిసిపోయేది.

ఒకరోజు ధైర్యం చేసి, మేదరవీధి అంటుకుంటే ఏం చెయ్యాలని మార్తాండరావు గారినే అడిగాడు. ఊహాజనితమైన ఉష్ణ సందర్భాలకు రక్తపోటు పెంచుకోవడం క్రమశిక్షణా రాహిత్యం కిందికి వస్తుందని ఆయన సెలవిచ్చారు. ఇంకొక్కసారి అంకె దాటితే స్టీరింగు నుంచి తప్పిస్తామని కూడా హెచ్చరించారు. తవిటినాయుడు సెల్యూట్ కొట్టి బయటికొచ్చి, బండి చక్రాల్లో గాలి సరిచూసుకున్నాడు.

మే నెల నడిమధ్యాహ్నం, మార్తాండరావు గారు తనిఖీకి వచ్చి షీల్డు పక్కన ఫోటో తీయించుకుంటూ ఉండగా, ఫోను మోగింది. చేసింది మేదరవీధి పైడమ్మ. ఫోనెత్తిన ఉద్యోగి నిబంధన ప్రకారం ఆవిణ్ని ఊపిరి పీల్చమన్నాడు. పొగ తప్ప పీల్చడానికేం లేదంది ఆవిడ. పొగ అయినా సరే నాలుగు దాకా పీల్చమన్నాడు. ఆవిడ దగ్గుతూ పెట్టిన శాపనార్థాల్లోంచి వీధి పేరు ఏరుకుని, అతను తంబుర మీట నొక్కాడు.

తవిటినాయుడికి తంబుర అక్కర్లేకపోయింది. కిటికీలోంచి గేటు అవతల నల్లగా లేస్తున్న పొగ కనిపిస్తూనే ఉంది. ఎదురుగా పై అధికారి, చేతిలో పట్టీ. కుర్చీలో కూర్చోక తప్పలేదు. నూట అరవై నాలుగు. మార్తాండరావు గారు స్వయంగా చాప చూపించారు. మిగతా నలుగురూ అప్పటికే చాపల మీదున్నారు. సన్యాసిరావు మాత్రం మొదటి పరీక్షలోనే నెగ్గి, అరుగు మీద తీరిగ్గా బూటు తాళ్లు కట్టుకుంటున్నాడు.

"పీల్చండి నాయుడూ," అన్నారు మార్తాండరావు గారు, కళ్లు అరమోడ్చి. "ఇప్పుడు వదలండి. లోకంతో మనకేం తొందర?"

తవిటినాయుడు పీల్చాడు. పీల్చిన గాలిలో కాలిన తాటాకు వాసన తగిలింది. వదలకుండానే లేచి నిలబడ్డాడు.

"సార్, నానిక్కడ గాలి పీల్చి ఒగ్గీలోగా అక్కడోల్లకి పీల్చుకోడానికి గాలుండదు."

చేతికి పట్టీ అలాగే ఉంది. మిషను దాని వెంట వేలాడుతోంది. అలాగే పరిగెత్తి బండెక్కాడు. అతను స్టార్టు చేసిన చప్పుడుకి నలుగురూ చాపల మీంచి లేచి, వాళ్ల వాళ్ల అంకెలతో సహా బండి మీదికి ఎగబాకారు. వెనక మార్తాండరావు గారు ఏదో అంటున్నారు. ఇంజను మోతలో అది ఎవరికీ వినపడలేదు.

గేటు పడబోతుండగా దాటారు. వీధి మొదట్లో ఏడెనిమిది పాకలు అప్పటికే నేలమట్టమయ్యాయి. చిల్లుల పైపు సగం నీళ్లు దారిలోనే కార్చేసినా, మిగిలిన సగంతో నలుగురూ గాలి వాటానికి అడ్డంగా నిలబడి తడిపారు. ఒక పాకలో నులకమంచం కింద నక్కిన ఇద్దరు పిల్లల్ని తవిటినాయుడు కాళ్లు పట్టి బయటికి లాగాడు. సాయంకాలానికి మంట ఆరింది. వీధిలో మూడొంతులు నిలిచింది. మనిషి ప్రాణం ఒక్కటీ పోలేదు. తవిటినాయుడు బండి మెట్టు మీద కూర్చుని, కొంచెం ముందొస్తే ఆ ఏడెనిమిది కూడా మిగిలేవి కదా అని పైకే ఏడ్చాడు. అప్పుడొచ్చాడు సన్యాసిరావు, భుజాన తువ్వాలు వేసుకుని, నీడ పట్టున నడుచుకుంటూ. పొగ చూరిన కుండలోంచి పైడమ్మ అతనికి కూడా మంచినీళ్లిచ్చింది.

మర్నాడే చార్జి మెమో వచ్చింది. అనుమతి లేకుండా హృదయ స్పందన పెంచుకొనుట ఒకటి. ప్రభుత్వ రక్తపోటు పరికరమును చేతికి ధరించి పరారగుట రెండు. నిషిద్ధ స్థాయి ఉద్వేగముతో ప్రజల ప్రాణములు కాపాడుట మూడు.

విచారణ స్టేషనులోనే, చాపల మీద జరిగింది. అధ్యక్షులు మార్తాండరావు గారే. ఆనాడు అర్హత ఉన్న సిబ్బంది సన్యాసిరావు ఒక్కడే కాబట్టి, మంట ఆర్పినది చట్టరీత్యా సన్యాసిరావే అని ఆయన మొదట్లోనే తేల్చారు. మిగతావారు చల్లిన నీళ్లు చెల్లవు. సన్యాసిరావును అడిగితే, తను వెళ్లేసరికి మంట ఆరిపోయిందని ఉన్న మాట చెప్పాడు. ఎంతటి వినయం అని మార్తాండరావు గారు రాసుకున్నారు.

తవిటినాయుడి తరఫున సాక్ష్యం చెప్పడానికి మేదరవీధి నుంచి పైడమ్మ వచ్చింది. ఆవిడ నోరు తెరవకముందే చేతికి పట్టీ చుట్టారు. నూట డెబ్బై. సాక్షి ఊపిరి సరిచేసుకుని రేపు రావాలన్నారు. ఆవిడ పట్టీ ఊడదీసి ఆయన ముందు పెట్టింది.

"రేపు నానెందుకొత్తాను బాబూ, మాకు గూడు కట్టుకోవాలి. ఒక్క మాట రాసుకో. ఆడి గుండె గట్టిగా కొట్టుకుంది కాబట్టే మావోల్ల గుండెలు ఇంకా కొట్టుకుంటన్నాయి. నీ గుండె సల్లగున్నాది. ఉండనీ. మాకేటి ఉపకారం దాంతోటి?"

నూట డెబ్బై దగ్గర చెప్పిన మాట గనక దాన్ని రాసుకోలేదు.

తీర్పులో దయ చూపించారు. ఉద్యోగం తీసెయ్యలేదు. తవిటినాయుడిని స్టీరింగు నుంచి తప్పించి, బి.పి. మిషను దగ్గర వేశారు. పొద్దున్నించీ సాయంత్రం దాకా పట్టీ చుట్టడం, బల్బు నొక్కడం, అంకె చదవడం. కొత్త డ్రైవరు కోసం వెతికారు గాని, నూట ముప్పై లోపు ఉండి, మంట కనబడగానే అటు బండి నడపగలిగినవాడు జిల్లాలో దొరకలేదు. బండి షెడ్డులో కడిగి తుడిచి ఉంచారు. మేదరవీధి వాళ్లు ఇసక కుప్పలు పోసుకుని, డ్రమ్ముల్లో నీళ్లు నింపుకుని, రాత్రిళ్లు వంతులేసుకుని మేలుకుంటున్నారని తెలిసి, తవిటినాయుడు కూడా తన డాబా మీద మేలుకునే ఉండేవాడు. అయినా ఇప్పుడతను ఎంత బాధపడితే మాత్రం ఏం లాభం? అతని రక్తపోటుతో ప్రభుత్వానికి పని లేదు.

మేదరవీధి మంటను అచంచల హృదయంతో ఆర్పినందుకు గెంబలి సన్యాసిరావుకు పతకం ప్రకటించారు. పంద్రాగస్టు నాడు పెరేడ్ గ్రౌండులో వేదిక కట్టారు. వేదిక ఎక్కేవారందరికీ నూట ముప్పై నిబంధన వర్తిస్తుందని మార్తాండరావు గారి పట్టుదల. అందుకని మెట్ల పక్కన ఒక బల్ల, బల్ల మీద మిషను, దాని వెనక తవిటినాయుడు.

సన్యాసిరావు గంజి పెట్టిన ఖాకీ బట్టలతో, తలకి నూనె రాసుకుని వచ్చాడు. చెయ్యి చాపాడు. అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. తవిటినాయుడు పట్టీ చుట్టి, బల్బు నొక్కి, గాలి వదులుతూ చూశాడు. ముల్లు నూట అరవై ఎనిమిది దగ్గర ఎగిరి పడటం మొదలుపెట్టింది. మిషను పాడైందనుకుని మళ్లీ చూశాడు. ఈసారి నూట డెబ్బై రెండు. మణికట్టు పట్టుకుంటే వేళ్ల కింద నాడి ఉరుకుతోంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ పాక కాలినా, ఏ తల్లి ఏడ్చినా కదలని నాడి.

"ఏటోనన్నా, రేతిరి నుంచి కన్నంటుకోనేదు," అన్నాడు సన్యాసిరావు సిగ్గుపడుతూ. "ఫోటో కూడా తీత్తారంట."

తవిటినాయుడు అంకెను పైకి చదివాడు. మైకు పక్కనే ఉండటంతో గ్రౌండంతా వినబడింది. వేదిక మీద పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నూట ముప్పై దాటినవాడు వేదిక ఎక్కరాదు. సర్క్యులరులో ఎక్కడా వెసులుబాటు లేదు. మార్తాండరావు గారు కళ్లు మూసుకుని, నాలుగు దాకా పీల్చి, ఆరు దాకా వదిలి, కళ్లు తెరిచారు.

"ప్రభుత్వ గుర్తింపు వలన కలిగిన రక్తపోటు ఆందోళన కిందికి రాదు. అది కృతజ్ఞత కిందికి వస్తుంది. మినహాయింపు ఇవ్వడమైనది."

చప్పట్లు మోగాయి. తవిటినాయుడు పట్టీ విప్పాడో లేదో, సన్యాసిరావు లేచి రెండేసి మెట్లు చొప్పున వేదిక మీదికి పరిగెత్తాడు. అతను పరిగెత్తగా చూడటం తవిటినాయుడికి అదే మొదటిసారి.